ఇంధనపు పైరులు: వేయదగిన తావును, వేయరాని తావును

సిద్దిపేట, గజ్వేలు, దుబ్బాక, హుస్నాబాదు ప్రాంతముల సంఘసభ్యులు కొంతకాలముగా మమ్ము తరచుగా నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. ఊరి గుట్టక్రింద బంచరాయి ఊరక పడియున్నది గదా, అందులో సుబాబులు గాని, జామాయిలు గాని, అడవి ఆముదము గాని వేసినచో కట్టెకును నూనెకును గిరాకి కలదందురు, వేయవచ్చునా యని. ఇది ఒక్క రైతు ప్రశ్న కాదు. బంచరాయి ఊరందరిది. ఒకసారి దున్నిన పిదప దానిని మరల మునుపటివలె చేయుట ఎవరి తరమును కాదు. కావున ఈ విషయమును కొంత విరివిగా వ్రాయ నెంచితిమి.

మా సమాధానమును ముందే చెప్పి, కారణములను తరువాత వివరింతుము. ఇంధనపు పైరు తనంతట మంచిది కాదు, చెడ్డది కాదు. వేసిన తావును బట్టి మేలో కీడో కలుగును. పొలముగట్టున నాటిన కానుగ మేలు. తాతలనాటి నుండి గడ్డియు, రేగును, తునికియు పెరిగిన బంచరాయిని దున్ని నాటిన తోట కీడు. ఆ కీడు మొదట జింకకును నెమలికిని తగిలి, పిదప మన మందలకును, తుదకు మన చేలకును తగులును.

ఇంధనపు పైరులనగా నేమి?

భూగర్భము నుండి తీయు బొగ్గు, పెట్రోలు, డీజిలు మొదలగువానికి బదులుగా, నేలమీద పెరుగు మొక్కనుండియు, పశువుల పేడ మొదలగువానినుండియు తీయు ఇంధనమునకు జీవేంధనమని పేరు. రైతునకు సంబంధించినంతవరకు ఇది మూడు విధములు.

మొదటిది ఇథనాలు. చెఱకు మడ్డి, నూకలు, మొక్కజొన్న మొదలగువానిని పులియబెట్టి తీయుదురు. మన వైపున మక్కలని పిలుచు మొక్కజొన్న ఒక టన్ను నుండి సుమారు 380 లీటర్ల ఇథనాలు వచ్చును. మన దేశమున పెట్రోలులో దీనిని నూటికి 10 వంతులు కలుపుట 2022లోను, 20 వంతులు కలుపుట 2025లోను నెరవేరినది.

రెండవది నూనె. కానుగ, అడవి ఆముదము అను చెట్ల గింజల నూనెను శుద్ధిచేసి డీజిలునకు బదులుగా వాడవచ్చును.

మూడవది కట్టెయు, మోళ్లును, పొట్టును. వీనిని బాయిలరులో నేరుగా కాల్చి విద్యుత్తు తీయుదురు. లేదా పొడిచేసి గుళికలుగా నొత్తి బొగ్గుతో కలిపి కాల్తురు. బొగ్గు విద్యుత్కేంద్రములలో నూటికి 5 వంతులు ఇట్టి గుళికలు కలుపవలెనని కేంద్ర విద్యుచ్ఛాఖవారు 2021లో నిర్ణయించిరి.

కావున గిరాకి యున్నదను మాట వట్టిది కాదు. గిరాకి వచ్చినపుడు భూమి కావలయును. భూమి వెదకువారి కన్ను మొదట బంజరుమీదనే పడును.

బంజరన్నది శిస్తు మాట

బంజరు, బంచరాయి, పోరంబోకు, గాయిరాను అనునవి రెవిన్యూ లెక్కలలోని మాటలు. సర్కారునకు శిస్తు రాని భూమి యనుటయే గాని, ప్రాణిలేని భూమి యని వాని యర్థము కాదు. అయినను కాలక్రమమున నీ రెండు నొకటియే యను భ్రమ కలిగినది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహములు తీసిన ఛాయాచిత్రముల సహాయమున 2000 మొదలు పలుమార్లు సిద్ధపరచిన బంజరుభూముల పటములలో పొదలు పెరిగిన మెట్టభూములను గూడ బంజరు క్రిందనే జమకట్టిరి. 2003లో ప్రణాళికాసంఘమువారి జీవేంధన సమితి, దేశమున 1 కోటి 34 లక్షల హెక్టారుల భూమి అడవి ఆముదమునకు పనికివచ్చునని అంచనా వేసినది. 2009 నాటి జాతీయ జీవేంధన విధానమును, నూనెచెట్లను సారవంతమైన సాగుభూములలో వేయక, బంజరులలోను, క్షీణించిన భూములలోను వేయవలెననియే చెప్పినది.

తిండిగింజలు పండు భూమిని కాపాడవలెనను ఉద్దేశము మంచిదే. మనుష్యుల యన్నము సంగతి వారు తలచిరి. కాని ఆ బంజరులో నివసించువారి యన్నము సంగతి లెక్కలోనికి రాలేదు.

మెట్ట బంచరాయిని వేకువజామున నెమ్మదిగా నడిచి చూచినవారికి అది ఖాళీ భూమి కాదని తెలియును. గడ్డిదుబ్బులలో కౌజులును పూరేళ్లును గ్రుడ్లుపెట్టును. రేగుపొదల క్రింద చెవులపిల్లి పండుకొనును. గట్టుబొరియలో గుంటనక్క పిల్లలను పెంచును. పుట్టలనంటి ఉడుములును, అలుగులును ఉండును. తంగేడు, పరికి, బలుసు, కలివి, తునికి, సీతాఫలము మొదలగు మొక్కలు ఒక్కొక్కటి యొక్కొక్క నెలలో పూచి కాచుటచేత సంవత్సరము పొడుగునను ఏదో యొక జీవికి ఆహారము దొరకుచుండును. నక్కయు, గుడ్లగూబయు, పాములును రాత్రివేళ మన చేలలోని ఎలుకలను తిని, తెల్లవారునప్పటికి ఆ పొదలకే మరలును. గొల్లకురుమల మందలు వానాకాలమంతయు నిందులోనే మేయును. గుట్టమీద పడిన వాన యీ గడ్డిలో చిక్కుకొని, మట్టిని వదలి, తేటయై చెఱువు చేరును. శిస్తు కట్టని భూమియైనను అది యూరికి ఇన్ని విధముల కప్పము కట్టుచునే యున్నది.

సర్కారు తుమ్మ నేర్పిన పాఠము

కట్టెకొఱకు తెచ్చిన చెట్టు ఏమిచేయగలదో తెలియవలెనన్న మనము దూరదేశములకు పోనక్కరలేదు. సర్కారు తుమ్మను చూచిన చాలును. ఇది అమెరికా ఖండమునకు చెందిన చెట్టు. దీని విత్తనములు జమైకా ద్వీపము నుండి తెప్పింపబడి, 1877 ప్రాంతమున కడప జిల్లాలోని కమలాపురమున నాటబడెను. మన దేశమున నీ చెట్టు మొదట పాదుకొన్న చోట్లలో మన తెలుగునేల యొకటి. మెట్టప్రాంతములలో వంటచెఱకు కొఱత తీరునని తలచి నాటిరే గాని, కీడుచేయవలెనని ఎవరును నాటలేదు.

ఈ చెట్టు గుణములు చూడుడు. వేరు మిక్కిలి లోతునకు పోవును గావున కరవునకు చావదు. ఆకును పశువులు ముట్టవు. కాయ తియ్యగా నుండుటచేత మేకలును, పశువులును, జింకలును దానిని తినును. విత్తనము కడుపులో నరుగక, పేడతోను పెంటికలతోను పడి, ఎరువుతో సహా క్రొత్తచోట మొలచును. నరికిన మోడు నాలుగు కొమ్మలై చిగురించును. దాని నీడన గడ్డి సరిగా పెరుగదు. ఇన్ని గుణములును కట్టెకు మంచివే. గడ్డిభూమికి మాత్రము ప్రాణాంతకములు.

గుజరాతులోని కచ్ఛ ప్రాంతమున బన్నీ యను గడ్డిమైదానము కలదు. దాని విస్తీర్ణము సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. అచ్చటి గేదెలు దేశమున పేరుపొందినవి. ఉప్పునేల ముందునకు ప్రాకకుండ ఆపుటకై 1961లో అటవీశాఖవారు అచ్చట సర్కారు తుమ్మను నాటిరి. నేడు ఆ మైదానమున సగమునకు పైగా ఆ తుమ్మయే యావరించినది. దానిని బొగ్గుగా కాల్చి బ్రతుకువారు అచ్చట కలరు, నిజమే. కాని ఆ మైదానపు గడ్డిమీద నాధారపడిన పశుపాలకులకు మేపు తగ్గెను. గడ్డినేలలను వలచు పక్షులకును మృగములకును చోటు తగ్గెను. కట్టె లాభము కొందరికి వచ్చినది, గడ్డి నష్టము అందరికిని వచ్చినది.

దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు మాటలు. సర్కారు తుమ్మను కొట్టి కాల్చుట మంచిదే. వేరుతో పెకలించినచో మఱియు మంచిది. కట్టె కావలసిన కర్మాగారములు ముందుగా దానినే కొనుట న్యాయము. కాని కట్టె చాలలేదని దానినో, దానివంటి మఱియొక చెట్టునో బంచరాయిలో క్రొత్తగా నాటుట తగదు. సుబాబులు గూడ విత్తనము రాల్చి వాగుగట్టుల వెంబడి తనంతట వ్యాపించు జాతియే. ప్రపంచమున మిక్కిలి హానికరముగా వ్యాపించు 100 జాతుల పట్టికలో దానిపేరు గూడ చేరియున్నది. కోత ఆలస్యమైన తోటనుండి గింజ ఎంతదూరము పోవునో నాటినవారి చేతిలో లేదు.

బట్టమేకపిట్ట చెప్పు సాక్ష్యము

అడవిమృగములకు అభయారణ్యము లున్నవి గదా, మన బంచరాయితో వానికేమి పని యని కొందరడుగుదురు. దీనికి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు సమాధానము చెప్పుచున్నది. ఈ గ్రామము 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది.

బట్టమేకపిట్ట మన దేశపు పక్షులలో మిక్కిలి పెద్దవానిలో నొకటి. నిలుచున్నపుడు మూడడుగులకు పైగా నుండును. చెట్టెక్కదు. గడ్డినేలమీదనే తిరిగి, నేలమీదనే సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టును. మిడుతలను, పురుగులను, గింజలను తినును గావున మెట్టరైతునకు మిత్రమే. దానిని కాపాడుటకై 1988లో రోళ్లపాడున 6 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన గడ్డిభూమిని అభయారణ్యముగా ప్రకటించిరి. కాని ఆ పక్షి తిరుగు నేల అంతకు ఎన్నో రెట్లు పెద్దది. కంచె లోపల గడ్డి నిలిచినను, వెలుపలి బీళ్లు దున్నబడెను. నీటివసతి వచ్చి మెట్టపైరులు మారెను. లోపలి భూమి చాలక, వెలుపల చోటులేక, పక్షి క్రమముగా తగ్గెను. ఇప్పుడచ్చట దానిని చూచుట గగనమైనది. దేశమంతటను గలిపి నూటయేబదికి మించి లేవని లెక్కించుచున్నారు. అందును హెచ్చుభాగము రాజస్థానపు ఎడారిలోనివి.

రోళ్లపాడున నా పక్షి తగ్గుటకు ఇంధనపు పైరులే కారణమని మేము చెప్పము. మేము చెప్పునది వేఱు. అభయారణ్యమునకు హద్దురాళ్లు మనుష్యులు పాతినవి. మృగములకును పక్షులకును అవి తెలియవు. హద్దు వెలుపలి గడ్డిభూమి పోయినచో హద్దు లోపలిదియు నిష్ప్రయోజనమగును. ఆ వెలుపలి భూమిని పత్తి మ్రింగినను, రాతిగని మ్రింగినను, జామాయిలు మ్రింగినను ఫలమొక్కటే. రోళ్లపాడున మెట్టపైరుల మార్పు చేసిన పనిని, రేపు మనవైపున ఇంధనపు తోట చేయవచ్చును.

మనకు పడమట పోచారము అభయారణ్యము కలదు. నిజాము ప్రభువుల వేటయడవిగా నుండి 1952లో అభయారణ్యమైన యీ అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లది. 1978లో మొసళ్లకును, నీటిపక్షులకును మంజీరా అభయారణ్యము ఏర్పడెను. 2016లో జిల్లాలు విభజింపబడు వరకు సిద్దిపేటయు, పోచారపు అడవిలో కొంతభాగమును, మంజీరయు ఒక్క మెదకు జిల్లాలోనివే. ఈ చిన్న అడవులకు నడుమనున్న గుట్టలును, కంచెలును, వాగుగట్టులును మెట్లవంటివి. ఒక్కొక్క మెట్టును తీసివేయుచు పోయినచో పై అంతస్తు ఉన్నను లేనట్లే.

అడవి స్థానమున ఒంటిజాతి తోట

చెట్టు పోయి చెట్టే వచ్చినది గదా, అడవి యేమి తగ్గెనని అడుగువారు గలరు. వరుసలలో నాటి, నాలుగైదేండ్లకొకసారి మొదలంట నరకు తోటకును, అడవికిని భేదమున్నది. తోటలో ముదిరిన చెట్టుండదు గావున గుడ్లగూబకును, చిలుకకును తొఱ్ఱ దొరకదు. ఎండిన దుంగ యుండదు గావున చెదలును, వానిని తిను జీవులును తగ్గును. ఇప్పపువ్వు లేదు, మొఱ్ఱిపండు లేదు, మేడి లేదు, తునికి లేదు. చూచుటకు పచ్చగా నుండును. తినబోయిన పిడికెడు గింజలు దొరకవు.

అడవిలో తిండి కొఱతపడిన జంతువు ఎక్కడికి పోవును? కోతులును, అడవిపందులును మన మక్కచేనికి వచ్చుట మీరందరెఱిగినదే. దీనికి కారణములు పెక్కు గలవు. అడవిలో పండ్లచెట్లు తగ్గుట అందు ముఖ్యమైనది. ఇథనాలు ధరను చూచి అడవి అంచువఱకును మొక్కజొన్న వేసినచో, ఆకొన్న పందికి మన మే విస్తరివేసి పిలిచినట్లగును. పిదప కొందరు చేనిచుట్టు కరెంటుతీగ కట్టుదురు. దానికి తగిలి పందులే గాక పశువులును, తెల్లవారుజామున నీరుకట్టబోయిన మనుష్యులును చనిపోయిన సంగతులు మనము వినుచునే యున్నాము. వన్యప్రాణిని అట్లు చంపుట 1972 నాటి చట్టము ప్రకారము నేరము. మనిషి చనిపోయినచో ఆ యిల్లు తిరిగి నిలువదు. అడవి అంచున ఏ పైరు వేయుదుమను ప్రశ్నలో ఇంత యున్నది.

ఇతరదేశముల యనుభవమును ఇట్టిదే. ఇండోనీషియాలో సుమత్రా, బోర్నియో ద్వీపముల యడవులను విస్తారముగా నరికి పామాయిలు తోటలు వేసిరి. ఆ నూనెలో కొంత వంటకును, కొంత డీజిలునకును పోవుచున్నది. 2025లో నా దేశము డీజిలులో నూటికి 40 వంతులు పామాయిలుతో చేసిన ఇంధనమును కలుప నిర్ణయించినది. ఆ యడవులలో వసించు ఒరాంగుటాను అను మహావానరము నేడు అంతరించు దశకు వచ్చుటకు ఆ నరకుడును ఒక ముఖ్యకారణము. ఇది చూచి ఐరోపా సమాఖ్యవారు 2009లోనే యొక చట్టము చేసిరి. పూర్వపు అడవులనుండియు, రక్షితప్రాంతములనుండియు, పలువిధముల జీవులకు నెలవైన గడ్డిభూములనుండియు వచ్చిన ముడిసరకుతో చేసిన ఇంధనమును తమ లెక్కలోనికి తీసికొనబోమనిరి. అందు గడ్డిభూమిని అడవితో సమానముగా నెంచిరని మన సభ్యులు గుర్తింపవలెను. మన జిల్లాలో నిదివఱకే సాగులోనున్న భూములలో వంటనూనెకై వేయుచున్న ఆయిలుపాము తోటలు ఈ కోవలోనివి కావు. అవి అడవిని కొట్టి వేసినవి కావు గదా.

మేలుచేసిన మార్గము

ఇంతవఱకు వలదన్నవానినే చెప్పితిమి. వలయునన్నది గూడ చెప్పవలెను. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో పవర్‌గూడ యను చిన్న గిరిజన గ్రామము కలదు. అచ్చటి మహిళాసంఘమువారు కానుగ గింజలను ఏఱి, గానుగ పెట్టి నూనె తీయుటయు, క్రొత్తగా కానుగచెట్లను నాటుటయు జేసిరి. ఆ నూనె డీజిలునకు బదులుగా వాడుటవలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు ప్రతిఫలముగా 2003లో ప్రపంచబ్యాంకువారు వారికి 645 డాలర్లు చెల్లించిరి. మొత్తము పెద్దది కాదు. కాని తెలియవలసినది, ఆ గింజ పరదేశపు మొక్కది కాదు; మన అడవిలోను, మన వాగుగట్టునను తరతరములుగా నున్న చెట్టుది.

కానుగ గుణములు రైతు లెఱిగినవే. గింజలో సుమారు నూటికి 30 వంతులు నూనె యుండును. పిండి మంచి యెరువు. ఆకును వరిమడిలో త్రొక్కుట మన పెద్దల పద్ధతి. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. పూతకాలమున తేనెటీగలు మూగును. పశువులు తినవు గావున కంచె ఖర్చులేదు. గట్టుమీద అయిదు మీటర్లకొకటి నాటి, క్రిందికొమ్మలు తీయుచుండిన పైరునకు నీడబాధ తగ్గును. ఉత్తరపు గట్టున నాటిన చలికాలపు నీడ మన చేనిలో పడదు. పొరుగువాని చేనిలో పడును గావున వాని సమ్మతి ముందుగా తీసికొనుట న్యాయము.

అడవి ఆముదము సంగతి వేఱు. నీరును ఎరువును లేని నేలలోనే బాగుగా కాయునని ఇరువదేండ్ల క్రిందట ప్రచారము జరిగెను. మొక్క బ్రతుకుట నిజమే; గింజ మాత్రము చెప్పినంత రాలేదు. దేశమున ననేకచోట్ల ఆ తోటలను వదలివేసిరి. బంచరాయిని పోగొట్టుకొని గింజయు దక్కనివాని స్థితి ఏమో ఆలోచింపుడు.

ఇక నాటకయే దొరకు ఇంధనము కలదు. మన జిల్లాలో పత్తి విస్తారము. ఎకరమునకు సుమారొక టన్ను పత్తికట్టె మిగులును. దానిని హెచ్చుమంది చేనిలోనే తగులబెట్టుదురు, లేదా గట్టున కుప్పవేయుదురు. కుప్పలోని ఎండుకాయలలో గులాబిరంగు పురుగు దాగి వచ్చు ఏటి పైరును పట్టును. ఆ కట్టెను కోత ముగిసిన వెంటనే ముక్కలుకొట్టించి గుళికల కర్మాగారమునకు పంపినచో పురుగు నశించును, నాలుగు డబ్బులును వచ్చును. మక్కబెండ్లును, కందికట్టెయు అట్టివే. అయితే చేనిలోని చెత్తనంతయు ఊడ్చి అమ్ముకొనరాదు. ఆకును, వేరును నేలకు వదలవలెను.

పశువులున్న యింట గోబరుగ్యాసు మఱవరాదు. నాలుగైదు పశువుల పేడతో నడచు 2 ఘనమీటర్ల తొట్టి ఒక చిన్న కుటుంబమునకు వంటకు సరిపోవును. వాయువు తీసిన పిదప పేడయు ఎరువుగా దక్కును. ఆ యింటివారు కట్టెకై గుట్ట కెక్కనక్కరలేదు. ఒక్కొక్క తొట్టి కొన్ని రేగుపొదలను, వానిలోని గూళ్లను కాపాడునన్నమాట. సిద్దిపేట పట్టణపు తడిచెత్తనుండి సైతము బుస్సాపూరున వాయువు తీయు ఏర్పాటు జరిగినది గదా. చెత్తనుండి వచ్చు ఇంధనమునకు ఏ జింకయు చోటు వదలనక్కరలేదు.

క్షీణించిన అడవిని బాగుచేయుటకును తోటయే మార్గము కాదు. 2015లో మొదలైన హరితహారము క్రింద గజ్వేలు ప్రాంతపు అడవులలో చుట్టు కందకము త్రవ్వి, నిప్పును, పశువులను రానీయక, పాత మొదళ్లనుండియే చిగురు తెప్పించిరి. నేలలో వేళ్లు బ్రతికియున్నంత కాలము అడవి తనను తాను నాటుకొనగలదు. దున్నినచో ఆ వేళ్లే పోవును.

లెక్కవేసి చూడుడు

జింకలు బ్రతుకవలెనని రైతు పస్తుండవలెనా యని అడుగుదురేమో. అట్లు చెప్పుట మా యుద్దేశము కాదు. లాభనష్టములను రెండువైపుల వ్రాయుమని మాత్రమే మా ప్రార్థన. తోట కౌలుగా ఏటికింత వచ్చునని ఒకవైపు వ్రాయుడు. రెండవవైపున, బంచరాయిలో మేయు గొఱ్ఱెలెన్ని, మేకలెన్ని, పశువులెన్ని, ఎన్ని నెలలు మేయును, ఆ మేతను వెలకు కొనవలసివచ్చిన నెంతయగును, వ్రాయుడు. సీతాఫలము, తునికాకు, చీపురుగడ్డి, మందుమొక్కలు అమ్ముకొను బీదల రాబడి వ్రాయుడు. చెఱువులో చేరు మట్టిని తీయుటకగు ఖర్చు వ్రాయుడు. కోతులకును పందులకును పోవు పంట వ్రాయుడు. కౌలు డబ్బు పంచాయతి పెట్టెలోనికి వచ్చును. మేత నష్టము మాత్రము మందగల పేదవాని యింటికి పోవును. సహకారసంఘమువారు ఈ భేదమును గుర్తింపకున్న మఱెవరు గుర్తింతురు?

సభ్యులకు మా సూచనలు

1. గడ్డియు, పొదలును సహజముగా పెరిగిన బంచరాయిని, గుట్టవాలును, వాగుగట్టును, చెఱువు శిఖమును ఇంధనపు తోటకై దున్నరాదు.

2. సర్కారు తుమ్మ ఇదివఱకే ఆక్రమించిన చోట దానిని పెకలించి అమ్ముకొనుడు. అచ్చట మరల గడ్డిని, రేగును, కానుగను రానిండు. తుమ్మను కొట్టునపుడు నడుమనున్న నాటుచెట్లను కొట్టకుండ కాపలా యుండుడు.

3. కట్టెతోట వేయదలచినవారు తమ పట్టాభూమిలోనే, అదివఱకు దున్నిన చేనిలోనే వేయుడు. సుబాబులు వేసినచో గింజ రాలకముందే కోయుడు.

4. అడవి అంచున మొక్కజొన్నకు బదులు పందులు అంతగా ముట్టని పైరులను వరుసగా వేయుటకు పొరుగువారితో కలిసి నిర్ణయించుకొనుడు. కరెంటుతీగ మాత్రము కట్టవలదు.

5. నూనెకు కానుగను గట్టులమీదను, బావులవద్దను నాటుడు. గింజను విడివిడిగా నమ్మక సంఘముద్వారా అమ్మినచో తూకమునను ధరయందును మోసముండదు.

6. పత్తికట్టె, మక్కబెండ్లు, పేడ, వీనినుండి ముందు ఇంధనము తీయుడు. క్రొత్తభూమి సంగతి ఆ తరువాత.

7. ఊరుమ్మడి భూమికై ఎవరైనను ఒప్పందముతో వచ్చినపుడు, గ్రామసభ ముందు పెట్టక సంతకము చేయరాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతికిని ఒక జీవవైవిధ్య యాజమాన్యసంఘము ఉండవలెను. ఊరిలోని మొక్కలను, జీవులను పుస్తకమునకెక్కించుట దాని పని. ఆ పుస్తకమును తెప్పించి చదివించుడు. లేకున్న, ముందు దానిని వ్రాయించుడు.

8. అభయారణ్యమునకు గాని, రిజర్వు అడవికి గాని చేరువనున్నవారు నాటుటకు ముందే అటవీశాఖవారిని విచారింపుడు. నరకబోవునాడు అడుగుటకంటె నాటబోవునాడు అడుగుట మేలు.

పొగలేని ఇంధనము దేశమునకు కావలయును. దానిలో రైతునకు న్యాయమైన పాలు రావలయును. ఆ పాలు మన కష్టమునుండియు, మన చేని మోళ్లనుండియు, మన గట్టునుండియు రావలెనే గాని, నోరులేని ప్రాణుల ఇల్లు పీకి రారాదు. ఈ వేసవి ముగియులోపల ప్రతి గ్రామపు సభ్యులును తమ బంచరాయిని ఒకసారి కలిసి నడిచి, అందేమున్నవో వ్రాసి, సంఘ కార్యాలయమునకు పంపుదురుగాక. నాటుటకు వానలు రాకముందే యోచన ముగియవలెను.